పాత బిల్డింగే కలిసొచ్చింది

ఫ్రీమాంట్‌లో మా అపార్ట్‌మెంట్ తలుపుకి అద్దె పెంపు నోటీసు అంటించి వెళ్లారు. ఏకంగా 12 శాతం! మా ఆయన "సర్లే, ఇల్లు మారే ఖర్చు కంటే నయం" అన్నారు. నాకు మనసొప్పలేదు.

కాలిఫోర్నియాలో 2020 నుంచి ఏబీ 1482 చట్టం అమల్లో ఉంది. ఏడాదిలో అద్దె 5 శాతం, దానికి తోడు స్థానికంగా ధరలు పెరిగినంత శాతమే పెంచాలి. ఎలా చూసినా 10 దాటకూడదు. కట్టి పదిహేనేళ్లు నిండని బిల్డింగులకు మాత్రం ఇది వర్తించదు. మాదేమో పైవాళ్లు నడిస్తే లైటు ఊగే పాత చెక్క కట్టడం. రోజూ తిట్టుకునే ఆ పాతదనమే ఈసారి కాపాడింది.

మర్యాదగా ఓ ఈమెయిల్ పెడితే, కిక్కురుమనకుండా నోటీసు మార్చి పంపారు. పక్కింటి పెద్దావిడ అడిగినంతా కట్టేస్తున్నారట, ఆవిడతో కూర్చుని మాట్లాడాలి. ఈ చట్టం గడువు 2030 జనవరి 1తో తీరిపోతుంది, అదొక టెన్షన్.