నలభై రూపాయల రస్కు ప్యాకెట్, పద్నాలుగు నెలల వాయిదాలు

పర్లాకిమిడి బజారులో మా నాన్నగారి కాలం నుంచీ మాకు కిరాణా దుకాణం ఉంది. ఊరు ఒడిశాలోని గజపతి జిల్లాకు కేంద్రమే అయినా, మా దగ్గర సరుకులు కొనేవాళ్ళలో చాలామంది సరిహద్దు దాటి పాతపట్నం వైపు పల్లెల నుంచి వస్తారు. ఒకే బేరంలో తెలుగూ ఒడియా రెండూ దొర్లుతాయి. 2022 నవంబరులో ఒక సాయంత్రం దుకాణం ఫోనుకు వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. రస్కు ప్యాకెట్ పారదర్శకంగా ఉన్న వైపు నుంచి, రస్కుల మధ్య ఇరుక్కున్న చిన్న బల్లి కనిపిస్తోంది. దాని కింద, "మీ కొట్లో కొన్నదే. పిల్లలకు పెట్టబోతూ చూశాం. ఏం చేద్దామంటారు?" అని రాసి ఉంది.

మొదటి రెండు రోజులు ఆ మాట నేను పూర్తిగా నమ్మాను. మా గోదాములో బల్లులు లేవని ప్రమాణం చేయలేను కనుక, ఆ రాత్రే రస్కుల అట్టపెట్టెలన్నీ దించి ఒక్కొక్క ప్యాకెట్టూ వెలుతురుకు పెట్టి చూశాను. మర్నాడు ఫోను చేసి, ప్యాకెట్ తీసుకువస్తే డబ్బు వాపసు ఇచ్చి, సరుకును కంపెనీకి పంపిస్తానని చెప్పాను. ఆయన ప్యాకెట్ తేనన్నారు. యాభై వేలు ఇస్తే విషయం ఇక్కడితో ఆగిపోతుందని, లేకపోతే వీడియో ఊరంతా తిరుగుతుందని అన్నారు. నా అనుమానం ఆ మాటతో మొదలైంది. పిల్లల గురించి భయపడిన తండ్రి ముందు కోప్పడతాడు. ఈయన గొంతులో కోపం లేదు.

డిస్ట్రిబ్యూటర్ "పదివేలకు తెంపేసుకో అన్నా, పండగ సీజనులో పేరు పోతే తిరిగి రాదు" అన్నాడు. ఆ సలహా తప్పని ఆనాడు నాకు అనిపించలేదు, ఇవ్వడానికి దాదాపు సిద్ధపడ్డాను. మా బావ మాత్రం, ఒకసారి ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుందని, వీడియో అప్పుడు కూడా ఆయన దగ్గరే ఉంటుందని అడ్డుపడ్డాడు. కొన్నాళ్ళకు లాయరు నోటీసు వచ్చింది. దానికి జవాబు ఇవ్వకపోవడం నా మొదటి పొరపాటు. గిడుగు రామమూర్తిగారు వాడుక భాష కోసం పోరాడిన ఊళ్ళో పుట్టి కూడా, ఆ నోటీసులోని ఇంగ్లీషు చూసి బెదిరి దాన్ని సొరుగులో పడేశాను.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. 2023 ఫిబ్రవరిలో జిల్లా వినియోగదారుల కమిషన్ నుంచి రిజిస్టర్డు కవరు వచ్చినప్పుడు నేను ఊళ్ళో లేను. పని కుర్రాడు సంతకం చేసి తీసుకుని, దాన్ని అగరుబత్తి పెట్టెల కింద పెట్టి మరచిపోయాడు. అది నా చేతికి వచ్చేసరికి 19 రోజులు గడిచిపోయాయి. కవరు వచ్చింది కూడా మా జిల్లా నుంచి కాదు, ఆయన జిల్లా నుంచి. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చాక, కొన్నవాడు తాను నివసించే చోటే ఫిర్యాదు చేసుకోవచ్చు. అందువల్ల పర్లాకిమిడిలో అమ్మిన ప్యాకెట్ కోసం నేను శ్రీకాకుళం తిరగవలసి వచ్చింది. సామాన్యుడికి ఇది మంచి ఏర్పాటేనని ఇప్పటికీ అనుకుంటాను. అయిదు లక్షల రూపాయల లోపు సరుకుకు ఫిర్యాదు రుసుము లేకపోవడం కూడా న్యాయమే. కాకపోతే, నలభై రూపాయల ప్యాకెట్‌కు మూడు లక్షల పరిహారం కోరడానికి ఆయనకు ఖర్చేమీ కాలేదు.

శ్రీకాకుళంలో నేను కుదుర్చుకున్న లాయరమ్మగారు నా కథ వినకముందే కవరు మీద తేదీ చూశారు. నోటీసు అందిన 30 రోజుల్లో రాతపూర్వక సమాధానం దాఖలు చేయాలని, కమిషన్ దయతలిస్తే ఇంకో 15 రోజులు ఇవ్వగలదని, ఆ 45 రోజులు దాటితే తలుపు మూసుకున్నట్టేనని, పాత చట్టం కింద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో ఈ సంగతి తేల్చి చెప్పిందని వివరించారు. అప్పటికి 22వ రోజు. అబద్ధపు ఫిర్యాదైనా సరే, జవాబు లేకపోతే ఏకపక్షంగా నెగ్గే అవకాశం ఉంటుందని నాకు అప్పుడే అర్థమైంది.

సమాధానంలో ఏం రాయాలన్న దగ్గర మా ఇద్దరికీ కొంత వాదన జరిగింది. బిల్లు లేదు కనుక ఆయన మా దగ్గర కొననేలేదని రాయవచ్చని జూనియరు సూచించాడు. నేను ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన తేదీన మా ఖాతాకు యూపీఐ ద్వారా సరిగ్గా నలభై రూపాయలు జమైనట్టు నా ఫోనులోనే ఉంది, ప్యాకెట్ మీది బ్యాచ్ నంబరు సరుకు మాకు వచ్చినట్టు డిస్ట్రిబ్యూటర్ ఇన్వాయిస్ కూడా చెబుతోంది. ఆయన కొన్న మాట నిజం, అబద్ధం ఆ తర్వాత చేరింది. అలాగే రాశాము. ఆయన పేరుతో ఇంతకుముందు వేరే దుకాణాల మీద రెండు ఫిర్యాదులు ఉన్నట్టు ఆన్‌లైన్‌లో కనిపించినా, పాత ఫిర్యాదులు ఈ ఫిర్యాదు అబద్ధమని నిరూపించవని చెప్పి, లాయరమ్మగారు వాటిని ప్రధాన వాదనగా పెట్టనివ్వలేదు.

తయారీ కంపెనీ తరఫు లాయరు మాత్రం, ఓవెన్‌లో 200 డిగ్రీలకు పైగా కాలిన రస్కుల్లో బల్లి ఉండడం అసాధ్యమని గట్టిగా రాశారు. వినడానికి బాగానే ఉంది కానీ, రస్కులు చల్లారాకే ప్యాక్ చేస్తారు కనుక, ప్యాకింగ్ గదిలోనే బల్లి పడి ఉండవచ్చు గదా అని ఎవరైనా అడగవచ్చు. వేడి తగలని కణజాలంలో కాటలేజ్ అనే ఎంజైమ్ పనిచేస్తూ ఉంటుందని, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే బుడగలు వస్తాయని, దాన్నిబట్టి అది కాలిందో లేదో చెప్పవచ్చని వాళ్ళు అన్నారు. బల్లి కాలలేదని తేలినా, ఎవరు వేశారన్నది తేలదు. పైగా నెలలు గడిచాక ఆ పరీక్ష కూడా నమ్మదగినది కాదు.

నాకు దారి దొరికింది ఆ ఫొటోలోనే. ఒక రాత్రి దాన్ని పెద్దది చేసి చూస్తూంటే ప్యాకెట్ చివరలు కంటబడ్డాయి. కంపెనీ యంత్రం ప్యాకెట్‌ను మూసినప్పుడు రెండు చివరలా సన్నని గీతలు, దువ్వెన పళ్ళలా ఒకే ఎడంతో పడతాయి, అంచు రంపపు కోతలా ఉంటుంది. ఈ ప్యాకెట్‌కు ఒక చివర అలాగే ఉంది. రెండో చివర గీతల మీదుగా నున్నటి పట్టీ ఒకటి అడ్డంగా పోయింది, దాని అంచున ప్లాస్టిక్ కాస్త ముడుచుకుంది. పప్పులు, అటుకులు పొట్లాలు కట్టడానికి మా కౌంటరు మీద ఉండే చేతి సీలర్ మిషను వేసే పట్టీ అది. రోజుకు వంద సార్లు ఆ మిషను పిడి నొక్కేవాణ్ణి, ఆ గుర్తు నాకు కాక ఎవరికి తెలుస్తుంది? ఇన్నాళ్ళూ బల్లినే చూశాను తప్ప ప్యాకెట్‌ను చూడలేదు.

ప్యాకెట్‌ను కమిషన్ ముందు ఉంచాలని, ప్రయోగశాలకు పంపాలని దరఖాస్తు వేశాము. అలాంటప్పుడు కమిషన్ సరుకుకు సీలు వేసి పంపుతుంది, నివేదిక 45 రోజుల్లో రావాలి, రుసుము ఫిర్యాది కట్టాలి. ఆ రుసుము కట్టవలసి వచ్చినప్పటి నుంచి ఆయన వాయిదాలకు రావడం తగ్గింది. ఒకసారి ఆరోగ్యం, ఒకసారి పెళ్ళి, ఒకసారి కారణమే లేదు. చివరకు కట్టారు. కంపెనీ ప్రతి బ్యాచ్ నుంచి దాచి ఉంచే నమూనా ప్యాకెట్ కూడా పోల్చి చూడడానికి వెళ్ళింది.

నివేదిక వచ్చేసరికి 2024 అయింది. ఒక చివర మొదటి సీలు మీద వేరే పరికరంతో మళ్ళీ సీలు వేసినట్టు ఉందని అందులో రాశారు. నేను ఊహించనిది ఇంకొకటి ఉంది. ప్యాకెట్ మీద 200 గ్రాములని ఉంటే, బల్లిని తీసి తూచిన రస్కులు 178 గ్రాములే ఉన్నాయి. అంత బరువు ప్యాకెట్‌లో నిబంధనలు ఒప్పుకునే తేడా 9 గ్రాములు. నమూనా ప్యాకెట్‌తో పోల్చితే సరిగ్గా రెండు రస్కులు తక్కువ. బల్లికి చోటు కావాలంటే అవి బయటికి రావలసిందే గదా.

తర్వాతి వాయిదాలో ఆయన ఫిర్యాదు ఉపసంహరించుకుంటానన్నారు. మా లాయరమ్మగారు అభ్యంతరం చెప్పడంతో, నివేదికలోని అంశాలను నమోదు చేసి కమిషన్ ఫిర్యాదును కొట్టివేసింది. ఖర్చులు ఇప్పించలేదు. 1986 నాటి చట్టంలో 26వ సెక్షను కింద, వేధించడానికి వేసిన ఫిర్యాదు మీద పదివేల దాకా ఖర్చులు విధించే వీలుండేదని, కొత్త చట్టంలో ఆ సెక్షనుకు సమానమైనది పెట్టలేదని ఆమె చెప్పారు. పరీక్ష అవసరమైన కేసు అయిదు నెలల్లో ముగియాలని చట్టం అంటుంది. నాకు పద్నాలుగు నెలలు పట్టింది. లాయరు ఫీజూ రాకపోకలూ కలిపి ముప్పై ఒక్క వేలు అయ్యాయి. డిస్ట్రిబ్యూటర్ చెప్పిన పదివేల మాట మా ఇంట్లో ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తుంది, కాదనలేను.

ఆ సాయంత్రం ఆమదాలవలసలో గుణుపురం ప్యాసింజరు కోసం కూర్చుంటే, అదే ప్లాట్‌ఫారం మీద నాలుగు బెంచీల అవతల ఆయన కూడా ఉన్నారు. ఇద్దరి దారీ ఒకటేనని అంతవరకు నాకు తట్టలేదు. ఒకే పెట్టెలో ఎక్కాము, పలకరించుకోలేదు. పాతపట్నంలో దిగేటప్పుడు మాత్రం ఆయన నా వైపు చూసి, "వస్తానండి" అన్నారు. అలవాటుకొద్దీ నేనూ "మంచిదండి" అనేశాను.

బిల్లు ఇవ్వకపోవడం కొత్త చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఆయన ఆ మాట ఎత్తలేదు కనుక నాకు ఆ చిక్కు రాలేదు. ఇప్పుడు రస్కు ప్యాకెట్‌కు కూడా, బ్యాచ్ నంబరు వేసి, అడగకుండానే రాసి ఇస్తున్నాను. "నలభై రూపాయలకి కూడా కాయితమా బాబూ" అని నవ్వి, చాలామంది దాన్ని కౌంటరు మీదే వదిలి పోతారు. వదిలిన వాటిని గల్లాపెట్టె పక్కన మేకుకు గుచ్చి ఉంచుతున్నాను.