కానోనెట్ కెమెరా: 1.35 వోల్టుల కోసం వెతుకులాట

మావయ్య వాడిన కానన్ కానోనెట్ క్యూఎల్17 జీ-త్రీ ఫిల్ము కెమెరా ఇది, 1972లో వచ్చిన మోడల్. షట్టర్‌కి బ్యాటరీతో పని లేదు, 1/4 సెకను నుంచి 1/500 దాకా అన్ని స్పీడులూ స్ప్రింగుల మీదే నడుస్తాయి. బ్యాటరీ కావలసింది వెలుతురు కొలిచే లైట్ మీటరుకి, దాన్ని నమ్ముకుని అపెర్చర్‌ని (లెన్సులో వెలుతురు వచ్చే కంతని) తనే పెట్టుకునే ఆటో మోడ్‌కి. అది అడిగేది పీఎక్స్625 అనే 1.35 వోల్టుల పాదరసం సెల్. పాదరసం విషం కాబట్టి ఆ సెల్స్ ఇప్పుడు బజారులో లేవు.

సంక్రాంతి వెళ్లాక

ముందు బ్యాటరీ గది శుభ్రం చేశాను. అడుగున రాగి రేకు మీద పచ్చగా చిలుము, అంచుల్లో తెల్లటి పొడి. సెల్ నుంచి కారేది క్షారం, అందుకే వెనిగర్‌లో తడిపిన దూదిపుల్లతో రుద్దితే సన్నగా నురగ వచ్చి వదిలింది. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. లోపల దొరికిన పాత సెల్‌ని మాత్రం చెత్తబుట్టలో వేయలేదు, మూత గట్టిగా ఉన్న సీసాలో విడిగా పెట్టాను.

ఎండల్లో

మా విజయనగరం గంటస్తంభం దగ్గర వాచీ షాపులో ఎల్ఆర్44 అనే మామూలు ఆల్కలైన్ బటన్ సెల్ తెచ్చాను. పాత సెల్ వెడల్పు 16 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, దీనిది 11.6. చుట్టూ ఉన్న ఖాళీకి కుళాయి సామాన్ల కొట్టులో దొరికిన రబ్బరు ఓ-రింగ్ సరిపోయింది. ఎత్తులో తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు, మడిచిన అల్యూమినియం రేకు చాలు. రేకు పక్కకి జారి సెల్ ప్లస్, మైనస్ కొసలను కలిపేయకుండా చూసుకోవాలి.

మీటరు ముల్లు లేచింది. కానీ కొత్త ఎల్ఆర్44 ఇచ్చేది 1.5 వోల్టులు. వోల్టేజీ ఎక్కువైతే వెలుతురు ఎక్కువుందని మీటరు అనుకుంటుంది, అపెర్చర్ మూసేస్తుంది, ఫిల్ముకి వెలుతురు చాలక నెగెటివ్ పలచబడుతుంది. ఫోనులోని మీటరుతో పోలిస్తే నా కెమెరాలో తేడా ఒక స్టాప్ దాకా ఉంది, అంటే వెలుతురు సగానికి తగ్గినట్టు. 400 ఫిల్ముకి, ఫిల్ము వేగం చెప్పే ఏఎస్ఏ డయల్ 200 మీద పెడితే సరిపోయేదే, ఆ తేడా అలాగే నిలబడి ఉంటే. ఆల్కలైన్ సెల్ వాడేకొద్దీ 1.5 నుంచి మెల్లగా దిగుతూ పోతుంది. ఈ నెల కుదిరిన లెక్క వచ్చే నెలకి కుదరదు. నాకు అర్థమైందేమిటంటే, వోల్టేజీ సరిగ్గా 1.35 ఉండటం కంటే కదలకుండా ఉండటమే ముఖ్యం. స్థిరంగా ఉన్న తప్పుని డయల్‌తో దిద్దుకోవచ్చు.

వానల్లో

వినికిడి మిషన్లలో వేసే 675 జింక్-ఎయిర్ సెల్ 1.4 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటుంది. షాపులో పెద్దాయన "ఏటి బాబూ, ఇంట్లో ఎవరికి వినిపించట్లేదు?" అని అడిగారు. కెమెరా చూపిస్తే మురిసిపోయి, పట్టుకుని తిప్పి తిప్పి చూశారు.

నీలం స్టిక్కర్ తీసి కొన్ని నిమిషాలు గాలి తగలనిచ్చాకే పెట్టాలి. గాలి రంధ్రాలు పాజిటివ్ వైపు ఉంటాయి, వాటి మీద రేకు మూయకూడదు. ముల్లు చక్కగా కుదిరింది. అయితే స్టిక్కర్ తీశాక వాడినా వాడకపోయినా కొన్ని వారాలే దాని ఆయుష్షు. పైగా ఈ సెల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, మన విజయనగరం వానాకాలంలో తేమకి కరువా! ఎప్పుడో ఒక రోల్ తీసేవాళ్లకి ఇది ఖర్చే.

ఇప్పుడు

ఎస్ఆర్44 సిల్వర్ ఆక్సైడ్ సెల్, దానితో ఒక షాట్కీ డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం). సెల్ 1.55 వోల్టులు దాదాపు చివరిదాకా నిలబెడుతుంది, డయోడ్ అందులో 0.2 దాకా తగ్గిస్తుంది. అడుగు ప్లేటు విప్పి పాజిటివ్ వైరు మధ్యలో సోల్డర్ చేశాను. డయోడ్ మీద గీత ఉన్న కొస మీటరు వైపు ఉండాలి. సెల్ మీద మాత్రం ఎప్పుడూ సోల్డర్ చేయకూడదు, పేలుతుంది.

మిట్టమధ్యాహ్నం పెద్దచెరువు గట్టున 400 ఫిల్ము, 1/500 పెడితే ముల్లు ఎఫ్16 దగ్గర ఆగింది. మంచి ఎండలో అపెర్చర్ ఎఫ్16, షట్టర్ స్పీడు ఫిల్ము నంబరుకి దగ్గరగా అని పాతకాలం నుంచి చెప్పే లెక్క అదే. చాలా సంతోషమేసింది. మీటరు కన్ను లెన్సు రింగులోనే ఉంది కాబట్టి లెన్సుకి మూత పెట్టి ఉంచితే సెల్ ఎక్కువ కాలం వస్తుంది.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఆటో వాడను. పైకెత్తిన పొడవాటి మాను కొసన పూజారిగారు, వెనక అంతా ఆకాశం. ఆ వెలుతురుకి మీటరు మోసపోయి ఆయన్ని నల్లగా చేసేస్తుంది. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనం మీద రీడింగ్ తీసుకుని, అదే అపెర్చర్ చేత్తో పెట్టుకుంటాను. ఈలోగా వెనక తలుపు చుట్టూ వెలుతురు చొరబడకుండా వేసిన, ఇప్పుడు జిగురైపోయిన ఫోమ్ గీకి కొత్తది అతికించాలి.