మిషన్ మీదుండే మనిషిని ఇంటర్వ్యూ అడిగేటప్పుడు

మాది తిరుపతి, ఇప్పుడు యూకేలో డయాలసిస్ యూనిట్లో, అంటే కిడ్నీలు పనిచేయని వాళ్ళ రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేసే చోట, నర్సుగా చేస్తా ఉండాను. ఈసారి లీవుకి ఇంటికొస్తే మా పిన్ని కూతురు థీసిస్ ప్లాన్ తెచ్చి ముందర పెట్టింది, ఈడనే ఎమ్మెస్సీ నర్సింగ్ చేస్తా ఉంది. డయాలసిస్ పేషెంట్ల కష్టం వాళ్ళ మాటల్లోనే రికార్డు చేసి రాయాలని దాని ఆలోచన. టాపిక్ నాకు చానా నచ్చింది. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే లెక్క) ఎంత, బరువెంత పెరిగింది అని ఫైల్లో అందరం రాస్తాం, నీళ్ళు కొలిచి తాగే మనిషి ఎండాకాలం రాత్రి దప్పికని ఎట్లా ఓర్చుకుంటాడో, తిరిగి పోయేటప్పుడు బస్సులో కళ్ళు తిరిగితే ఎవరు పట్టుకుంటారో ఏ ఫైల్లోనూ ఉండదు, పక్కన కూచోని అడిగితేనే తెలుస్తుంది.

అయితే ఇంటర్వ్యూలన్నీ డయాలసిస్ జరిగేటప్పుడే చేస్తానని రాసుకోనుంది. "నాలుగు గంటలు ఊరికేనే పడుకోనుంటారు కదక్కా, మళ్ళీ రమ్మంటే వాళ్ళకి బస్సు ఛార్జీలు దండగ" అనింది. దాని మనసు మంచిదే. కానీ చూడు మే, ఆ మనిషి చేతిలో రెండు సూదులుండాయి, రక్తం పైపుల్లో తిరగతా ఉంది, నువ్వడిగేది నచ్చకపోతే లేచి పోయేదానికి లేదు. పక్క బెడ్డు చెయ్యి చాపితే తగిలేంత దగ్గర, కొడుకు చూసుకోవడం లేదని చెప్పుకోవాలన్నా పక్కాయన వింటా ఉంటాడు. పైగా సూది గుచ్చేది కూడా నువ్వే! వైద్య సేవ కార్డు మీద స్లాట్ దొరికి బతకతా ఉండే మనిషి నీకు కాదని చెప్తాడా? "మీ ఇష్టం సిస్టరమ్మా, ఏడ పెట్టమంటే ఆడ పెడతా" అని వేలిముద్ర వేసేస్తాడు. దాన్ని కన్సెంట్, అంటే ఇష్టపడి ఒప్పుకోవడం, అని నేననను, కాదంటే రేపు సరిగ్గా చూడరేమో అనే భయం అది.

ఇది నా సొంత చాదస్తం కాదు. మనుషుల మీద రీసెర్చ్ ఎట్లా చేయాలో చెప్తూ ప్రపంచ వైద్య సంఘం 1964లో చేసిన హెల్సింకీ డిక్లరేషన్‌ని తర్వాత చానాసార్లు సవరించినారు, పేషెంటు తన డాక్టరు మీద ఆధారపడి ఉంటే కన్సెంట్ సంబంధం లేని ఇంకొకరు తీసుకోవాలని అందులో ఉంది. నర్సుకి మాత్రం అది వర్తించదా? మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ కూడా చదువురాని వాళ్ళు వేలిముద్ర వేసేటప్పుడు సంబంధం లేని సాక్షి ఉండాలంటాయి.

మా యూనిట్లో ఒక పెద్దామె ఇంటర్వ్యూ సగంలో ఉండగా ఇంక వద్దనింది. రీసెర్చర్ వెంటనే రికార్డర్ ఆపి, థాంక్స్ చెప్పి, అంతవరకు చెప్పింది ఉంచాల్నా తీసేయాల్నా అని కూడా అడిగింది. తర్వాత డయాలసిస్‌కి వచ్చినప్పుడు ఆ పెద్దామె ఏ మొహమాటం లేకుండా నాతో మనవరాలి సంగతులు చెప్తా కూచుంది. అడిగింది నేను కాదు కాబట్టే ఆమెకి అంత నిమ్మళం.

మనకాడ ఇంట్లోవాళ్ళ సంగతొకటి. "మా నాయనకేం తెలుసు, నన్నడగండి" అని కొడుకు ముందుకొస్తాడు. కొడుకుని కూడా అడగాల్సిందే, ఆయన కష్టం ఆయనది, కానీ ముందు పెద్దాయనకి చెప్పి, ఆయన సరేనంటేనే.

ఇంక పేర్లు. పేరు మార్చేస్తే సరిపోతుందని మా చెల్లెలి ధైర్యం. పేరు తీసేసి "శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఆమె, కిడ్నీ ఇస్తానన్నది ఆడపడుచు" అని రాస్తే ఆ వీధి మొత్తానికి ఎవరో తెలిసిపోదా? అత్తగారి మీద చెప్పిన మాట కూడా దాని కిందే అచ్చయితే ఆమె ఇంట్లో ఎట్లా ఉండాల? ఊరు, పని, చుట్టరికం, ఇవన్నీ చూసుకోని మార్చాల, మార్చలేని చోట ఎంత మంచి మాటైనా వదిలేయాల. థీసిస్‌కి అదే బలమైన మాట అయినా సరే.

ఇద్దరం కూచోని ప్లాన్ మార్చినాం. కన్సెంట్ అడిగేది వేరే డిపార్ట్‌మెంట్లో చేసే దాని ఫ్రెండు. ఇంటర్వ్యూ డయాలసిస్ లేని రోజు, వాళ్ళు చెప్పిన చోట, బస్సు ఛార్జీ మనమే ఇచ్చేది. డయాలసిస్ అయినాక మాత్రం వద్దన్నాను, బీపీ పడిపోయి నీరసంగా ఉంటారు. ఇట్లయితే తక్కువ మందే దొరుకుతారని దానికి దిగులు, అయినా రీసెర్చ్‌కి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి ఇట్లే పంపిస్తానంది. రికార్డింగులు దాని ఫోన్లో ఉండకూడదు, ఎక్కడ దాచాలో, ఎప్పుడు తీసేయాలో దాని గైడ్ మేడమ్‌ని అడిగి రాసుకోవాల్సింది ఒకటి మిగిలింది.