పూతన పోయిన తర్వాత యశోద ఏం చేసింది?

పూతన కథ వినని తెలుగువాళ్లు అరుదు. విషం పూసుకుని పాలివ్వడానికి రావడం, పసి కృష్ణుడు పాలతో పాటు ప్రాణాలూ పీల్చేయడం, ఆ పెద్ద శరీరం నేల కూలడం. చెప్పేవాళ్లు చాలామంది అక్కడితో ముగించేస్తారు. భాగవతం ముగించదు. దశమ స్కంధం ఆరో అధ్యాయంలో, ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో ఓపిగ్గా చెప్తుంది. మా పాప పుట్టిన కొద్ది రోజులకే రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చి, ఐసీయూలో ఉండి, బతికి ఇంటికొచ్చింది. ఆ తర్వాతి నెలల్లో నేను మళ్లీ మళ్లీ చదువుకున్నది ఈ భాగమే. ఇప్పుడు అలాంటి రోజుల్లో ఉన్న అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను.

గోపికలు పరుగెత్తుకొచ్చేసరికి పిల్లవాడు పూతన రొమ్ము మీద ఏ భయమూ లేకుండా ఆడుకుంటున్నాడు. భయపడింది పెద్దవాళ్లే. పూతన చచ్చిపోయింది, బిడ్డకు ఏమీ కాలేదు. అయినా యశోద, రోహిణి, గోపికలు కలిసి బిడ్డకు రక్ష పెట్టడం మొదలుపెట్టింది అప్పుడే, అపాయం దాటాకే. మనవాళ్లు ప్రేమతోనే అంటారు, "గండం గడిచిపోయిందిగా, ఇంకా ఎందుకమ్మా టెన్షన్" అని. గడిచిపోయాకే కాళ్లు వణుకుతాయి. ఆసుపత్రిలో అయితే మానిటర్ మీద అంకెలు కనిపిస్తుంటాయి, నర్సులు ఉంటారు. ఇంటికొచ్చిన మొదటి రాత్రి అవేవీ ఉండవు. బిడ్డ ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి తగులుతోందా లేదా అని చూస్తూ కూర్చుంటాం. పసిపిల్లల ఊపిరి ఒకే తీరుగా ఉండదని, కొన్ని సెకన్లు ఆగి మళ్లీ అందుకోవడం మామూలేనని డాక్టరు చెప్పే పంపిస్తారు. ఆ కొన్ని సెకన్లలో మన ఊపిరి కూడా ఆగుతుంది. ఇది మన బలహీనత అని ఎవరైనా అంటే, వ్రేపల్లె అంతా అలాగే వణికిందని గుర్తు చేసుకోండి.

ఆ రక్ష పెట్టిన పద్ధతిలో నన్ను బాగా ఆపేసిన శ్లోకం ఒకటుంది.

గోప్యః సంస్పృష్టసలిలా అంగేషు కరయోః పృథక్ ।
న్యస్యాత్మన్యథ బాలస్య బీజన్యాసమకుర్వత ॥

గోపికలు ముందు నీళ్లు ముట్టుకుని, తమ చేతుల మీద, తమ అంగాల మీద న్యాసం చేసుకున్నారు, అంటే మంత్రం అంటూ ఒక్కో చోటా తాకి దైవాన్ని నిలుపుకున్నారు. ఆ తర్వాతే బిడ్డకు చేశారు. ముందు తాము, తర్వాత బిడ్డ. శాస్త్రం ప్రకారం న్యాసం చేసే క్రమం అదేనని పండితులు చెప్తారు, నిజమే. కానీ తిండీ నిద్రా మానేసి, తలకు నూనె పెట్టుకోవడం కూడా తప్పేమో అన్నట్టు బతుకుతున్న తల్లికి ఈ వరుస ఎంత పెద్ద ఊరటో చెప్పలేను. వణికే చేతులతో బిడ్డకు రక్ష పెట్టలేం. రాత్రి బిడ్డను అత్తయ్యకు ఇచ్చి మూడు గంటలు పడుకోవడం కూడా న్యాసంలో భాగమే అని నేను నమ్ముతాను. వారాలు గడిచినా భయం తగ్గకపోతే, బిడ్డ హాయిగా నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోతే, ఊరికే ఏడుపొస్తుంటే, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. తండ్రులు కూడా. దేవుడి మీద నమ్మకం తక్కువై అలా అవుతుందని ఎవరు చెప్పినా వినకండి.

గోవు తోక తిప్పడం, గోమూత్రంతో స్నానం, గోధూళి, గోమయం కూడా ఆ రక్షలో ఉన్నాయి. అవి ఆ గోకులానికి చెల్లాయి. ఇన్ఫెక్షన్ నుంచి తేరుకున్న పసికందు ఒంటి మీద అవేవీ వద్దు. రక్షలోని విష్ణు నామాలు చదివితే చాలు.

నామాలు పాదాల నుంచి మొదలవుతాయి. అజుడు నీ పాదాలను కాపాడుగాక, మణిమంతుడు మోకాళ్లను, యజ్ఞుడు తొడలను, అచ్యుతుడు నడుమును, హయగ్రీవుడు పొట్టను, కేశవుడు హృదయాన్ని. అలా పైకి, శిరస్సు దాకా. మా పాప మడమల నిండా రక్తం కోసం సూదితో గుచ్చిన చుక్కలు ఉండేవి. చేతి మీద మందులెక్కించే సన్న గొట్టం (కాన్యులా) పెట్టిన చోట నీలం మరక చాలా రోజులు పోలేదు. మొదట్లో ఆ మడమలు చూడలేక సాక్సులు తొడిగి ఉంచేదాన్ని. "అవ్యాదజోంఘ్రి" అంటూ పాదం పట్టుకోవడం మొదలయ్యాక, ఒక్కో అవయవమూ రిపోర్టుల్లోంచి బయటికొచ్చి మళ్లీ నా బిడ్డది అయింది.

ఇక రక్షలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాదాలు ఇవి.

క్రీడంతం పాతు గోవిందః శయానం పాతు మాధవః ॥
వ్రజంతమవ్యాద్వైకుంఠ ఆసీనం త్వాం శ్రియః పతిః ।
భుంజానం యజ్ఞభుక్ పాతు సర్వగ్రహభయంకరః ॥

ఆడుకునేటప్పుడు గోవిందుడు, పడుకున్నప్పుడు మాధవుడు, నడిచేటప్పుడు వైకుంఠుడు, కూర్చున్నప్పుడు శ్రీపతి, తినేటప్పుడు యజ్ఞభోక్త నిన్ను కాపాడుగాక. వీళ్లు ఈ మాటలు అంటున్నది ఎవరితో? ఇంకా బోర్లా కూడా పడని బిడ్డతో. వాడికి కూర్చోవడం రాదు, నడక సంగతి దేవుడెరుగు. అయినా వాడు నడుస్తాడన్న నమ్మకంతో ఆ నడకకు ఇప్పుడే రక్ష పెట్టేశారు. బిడ్డ చావు అంచుల దాకా వెళ్లొచ్చిన ఇంట్లో వచ్చే నెల గురించి మాట్లాడటానికే నోరు రాదు. ఏదైనా అనుకుంటే దిష్టి తగులుతుందేమో అని గుండె లాగుతుంది. ఈ శ్లోకం చదివితే చాలు, నడక గురించి అనుకున్నట్టే. దేవుడి పేరుతో అనుకున్నాం కాబట్టి భయం ఉండదు. రక్ష చివర్లో కలలో కనిపించే ఉత్పాతాలు కూడా నశించాలని అడుగుతారు. అలారం మోత కలలోకి వచ్చి ఉలిక్కిపడి లేచే తల్లికి ఆ ఒక్క మాట ఎందుకుందో వేరే చెప్పనక్కర్లేదు.

రక్ష అయిపోగానే భాగవతం ఒక్క వాక్యం చెప్తుంది. తల్లి బిడ్డకు పాలిచ్చి పడుకోబెట్టింది. అంతే. ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చుందని లేదు. కిందకి దించింది. బిడ్డను చేతుల్లోంచి దించి వెల్లకిలా పడుకోబెట్టి పక్కకు జరగడం, ఐసీయూ నుంచి వచ్చిన ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన పని. యశోద ఆ పని చేయగలిగింది, అప్పుడే నామాలకు అప్పగించేసింది కాబట్టి.

ఈలోపు పూతన దేహాన్ని ముక్కలు చేసి, దూరంగా తీసుకెళ్లి కాల్చినవాళ్లు వ్రజవాసులు. ఆ పని తల్లి మీద పడలేదు. బిల్లులు, ఫైళ్లు, ఇన్సూరెన్స్ కాగితాలు, పరామర్శ ఫోన్లు... బంధువులు సాయం చేయాలనుకుంటే చేయాల్సింది ఇలాంటివే.

నందుడు అప్పుడు ఇంట్లో లేడు. కంసుడికి పన్ను కట్టడానికి మథుర వెళ్లి, దారిలో వసుదేవుడి హెచ్చరిక తలుచుకుంటూ భయపడుతూ వచ్చాడు. చావు నుంచి తిరిగొచ్చినట్టున్న కొడుకును ఎత్తుకుని, తల మూర్కొని, పరమానందం పొందాడని శ్లోకం. మా ఆయన ఆసుపత్రిలో ఒక్కసారి కూడా కంటతడి పెట్టలేదు. అక్కడ పాప తల శానిటైజర్ వాసన వేసేది. ఇంటికొచ్చాక ఓ మధ్యాహ్నం స్నానం చేయించి చేతికిస్తే, మాడు దగ్గర ముక్కు పెట్టి, చాలాసేపు ఏడ్చారు. తండ్రులకూ ఆ చోటు ఇవ్వాలి.

కథ అంతటితో సుఖాంతం కాదు. తర్వాతి అధ్యాయంలోనే బిడ్డ బోర్లా పడిన పండుగ. యశోద బిడ్డను నిద్రపుచ్చి, వచ్చినవాళ్లకు మర్యాదలు చేస్తూ, వాడి ఏడుపు వినిపించుకోలేదు. అంత భయపడ్డ తల్లి అంత తేలికపడింది! వ్యాసుడు ఆమెను నిందించడు, మనస్విని, అంటే గొప్ప మనసున్నది, అంటాడు. బిడ్డను కింద పడుకోబెట్టిన బండి వాడి కాలు తగిలి విరిగిపడింది, బిడ్డకు మళ్లీ రక్ష చేయించారు, ఆమె మళ్లీ పాలిచ్చింది. మాకూ ఓసారి అలాగే అయింది. పాపకు ఒళ్లు వేడెక్కింది. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వెంటనే చూపించాలని ముందే చెప్పారు కాబట్టి, థర్మామీటరు చూసి నేరుగా ఆసుపత్రికి వెళ్లిపోయాం. కారులో రక్ష చదువుతూనే ఉన్నాను. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు.

చదవాలనుకునేవాళ్లకు బాలరక్ష ఆరో అధ్యాయంలో 22 నుంచి 29 వరకు ఉన్న శ్లోకాలు. అన్నీ రాకపోతే పైన రాసిన మూడు పాదాలు చాలు. ఆ రక్ష పెట్టినవాళ్లు పశువులు కాచుకునే ఇళ్ల ఆడవాళ్లు, కాబట్టి ఎవరు చదవాలన్న సందేహం అక్కర్లేదు. మా ఇంట్లో క్రీడంతం పాదం పెద్దాడిది. చెల్లిని ముట్టుకునే ముందు గోపికల్లాగా నీళ్లు ముట్టుకోవాలని చెప్పాను. ఇప్పుడు సబ్బుతో చేతులు కడుక్కున్నారా లేదా అని వచ్చినవాళ్లందరినీ అడిగేది వాడే.