పెరంబూర్ బాల్కనీలో వానకు ఆగే స్టార్

నవంబరు 30, శనివారం

ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటుతుందని పొద్దుట్నుంచీ టీవీలో ఒకటే గోల. ఎయిర్‌పోర్టు కూడా మూసేశారు. పిల్లలిద్దరూ ఇంట్లోనే. క్రిస్మస్ స్టార్ కట్టడానికి గురువారం తెచ్చిన వెదురు బొంగు హాల్లో అడ్డంగా పడి ఉంది. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదని మొదలుపెట్టేశాం.

ముందు పాత కథ కొంచెం చెప్పాలి. మా నాన్న బాపట్ల దగ్గర మా ఊళ్ళో ప్రతి ఏడూ ఇంటిముందు వెదురు స్టార్ కట్టి, పొడుగాటి గెడకు ఎక్కించేవాడు. మొదట్లో లోపల లాంతరు, తర్వాత బల్బు. అక్కడ డిసెంబరంటే మంచే తప్ప వాన అరుదు. ఇక్కడ మద్రాసులో అలా కాదు. 2022లో అదే పద్ధతిలో కట్టి బాల్కనీలో వేలాడదీస్తే, మాండూస్ తుఫాను రాత్రికి రంగు కాగితం మొత్తం ముద్దయి కింది ఫ్లోరు వాళ్ళ బట్టల మీద పడింది. ఎరుపు రంగు పోక వాళ్ళు పది రోజులు మాట్లాడలేదు. 2023లో మిచౌంగ్ తుఫాను నీళ్ళు వీధిలో నిలిచాక స్టార్ కట్టే ఓపిక ఎవరికీ లేక, ఇక్కడి ప్యారిస్ కార్నర్ బజారుకి వెళ్ళి మడత స్టార్ కొనుక్కొచ్చాం. బాగానే ఉంది, కానీ మా చిన్నోడు దాన్ని 'కొన్న స్టార్' అని పిలవడం మొదలుపెట్టాడు. సవతి బిడ్డ లాగా.

ఈసారి లక్ష్యం ఒకటే: వానకు ఆగాలి.

పన్నెండు అడుగుల బొంగుని 90 సెంటీమీటర్ల ముక్కలుగా కోసుకున్నాం. కణుపులు మరీ మధ్యలో పడకుండా చూసుకోవాలి, అక్కడ బద్ద సరిగ్గా వంగదు. చీల్చడం మా ఆయన పని, పిల్లలను దగ్గరికి రానివ్వలేదు. వేలి మందంలో పది బద్దలు వచ్చాయి. అంచులు చాకు కన్నా పదును, 80 నంబరు గరుకు కాగితంతో రుద్దడానికే గంట పట్టింది.

డిసెంబరు 1, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక ఫ్రేము. నాన్నకు చెయ్యే కొలత, ఆయన కట్టింది వంకర పోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఆ చెయ్యి లేదు కాబట్టి లెక్క కావాలి. ఐదు బద్దలతో స్టార్ పేర్చితే, ప్రతి బద్ద మీదా మరో రెండు బద్దలు దాటే చోట్లు రెండుంటాయి. బద్ద పొడవులో 38.2 శాతం దగ్గర ఒకటి, అటు చివర నుంచి మళ్ళీ అంతే దూరంలో ఇంకొకటి. 90 సెంటీమీటర్లకు 34.4, మధ్యలో 21.2, మళ్ళీ 34.4. మా బుజ్జి ఆరో తరగతి. టేపు పట్టుకుని పది బద్దలకూ పెన్సిలు గుర్తులు తనే పెట్టింది. గుర్తుల మీద గుర్తులు కలిపితే స్టార్ తనంతట తనే సరిగ్గా వస్తుంది. బద్దలను ఒకదాని మీంచి, ఒకదాని కింద నుంచి అల్లితే కట్టకముందే బిగుసుకుంటుంది కూడా. ఆపైన పురికొసతో ముడులు.

ఇలాంటివి రెండు. ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనలూ కలిపి కట్టాక, లోపలి ఐదు మూలల్లో రెండింటి మధ్యా చిన్న పుల్లలు నిలబెడితే స్టార్ ఉబ్బుతుంది. నేను ఆశకు పోయి 30 సెంటీమీటర్ల పుల్లలు కోశాను. మూడోది దూరుస్తుంటే ఒక బద్ద టప్పున విరిగింది. చిన్నోడు చెవులు మూసుకుని "అమ్మా, స్టార్‌కి చెయ్యి విరిగింది" అన్నాడు. చీలికకు రెండు వైపులా సన్న పుల్లలు పెట్టి దారం చుట్టాం, అచ్చం కట్టు కట్టినట్టే. పుల్లలు 20కి తగ్గించాం.

డిసెంబరు 4

పక్కింటి ఆంటీ వాళ్ళు కేథలిక్కులు. వాళ్ళింట్లో యేసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో పెట్టడం చూసి మా పిల్లలు మూడేళ్ళుగా మాకూ కావాలంటున్నారు. మా ఊళ్ళో మేము బాప్తిస్టులం, స్టార్ ఒక్కటే మాకు తెలుసు. పాక ముందు గడ్డి కోసం కేళ్వరగు చల్లమని ఆంటీ చెప్పింది, అంటే మన రాగులు. ఆదివారం రాత్రి నానబెట్టినవి ట్రేలో తడి మట్టి మీద పరిచాం, మొలకలు వచ్చేశాయి.

డిసెంబరు 8, ఆదివారం

కాగితం అంటించే రోజు. లెక్క వేసుకుంటే మొత్తం 22 ముక్కలు: ఒక్కో చేతికి ముందు, వెనక, రెండు పక్కలు కలిపి నాలుగు, మధ్యలో ఐదు మూలల ముక్కలు రెండు. ముందూ వెనకా గాలిపటం కాగితం తెలుపు, పక్కలకు ఎరుపు. నాన్న రంగులే. చుట్టూ రెండు సెంటీమీటర్లు ఎక్కువ వదిలి కోసి, బద్ద మీదుగా మడిచి అంటించాలి. వెనక మధ్య ముక్కను పైన మాత్రమే అంటించి తలుపులా వదిలాం, బల్బు మార్చడానికి.

జిగురు ఇంట్లోదే. నాలుగు చెంచాల మైదా, గ్లాసు నీళ్ళు, ఉండలు కట్టకుండా కలిపి సన్నటి సెగ మీద గరిట తిప్పుతూ ఉంటే తెల్లటి పిండి కాస్తా అద్దంలా మారుతుంది, అప్పుడు దించాలి. పురుగు పట్టకుండా నాన్న మైలతుత్తం వేసేవాడు. అది విషం, నేను వెయ్యలేదు. వెయ్యకపోవడమే మంచిదయింది, చిన్నోడు రెండు వేళ్ళు నాకేశాడు. "ఉప్పు లేదు" అని తీర్పు.

డిసెంబరు 9

మైలతుత్తం లేని ఫలితం. రాత్రి బొద్దింకలు రెండు మూలలు కొరికేశాయి. మళ్ళీ అంటించి, స్టార్‌ని నేల మీద కాకుండా ఫ్యాను కొక్కేనికి వేలాడదీశాం. ఇక రెండు రాత్రులు ఫ్యాను లేకుండా పడుకోవాలి, డిసెంబరు కాబట్టి సరిపోతుంది.

డిసెంబరు 12, గురువారం

కాగితం పైన పుస్తకాలకు వేసే పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు చుట్టి, సందు లేకుండా టేపు వేసి నిన్న సాయంత్రం బయట కట్టాం. రాత్రంతా వాన. పొద్దున చూస్తే కింది రెండు కొనల్లో చెరో గుప్పెడు నీళ్ళు, ఎరుపు కారి తెలుపులోకి పాకింది. పై కొన ముడి దగ్గర దారం వెంట నీళ్ళు దిగాయి. లోపలికి పోయిన నీటికి బయటికి దారి లేదు. తప్పు నాదే, సందు లేకుండా మూయడమే వానకు మందు అనుకున్నాను.

నాన్నకు వీడియో కాల్ చేస్తే నవ్వాడు. "ఏమ్మా, ఇంటి కప్పుకి చూరు పెడతారు గానీ మూత పెడతారా?" అన్నాడు.

సరే, చూరే పెట్టాం. కింది ముక్కలు నాలుగు మార్చాం. ప్లాస్టిక్‌ని పై ముక్కలకు మాత్రమే వేసి, ఒకదాని అంచు కింది దాని మీదికి రెండు వేళ్ళు జారేలా పెట్టాం, పెంకులు పేర్చినట్టు. కింది కొనల దగ్గర అర అంగుళం తెరిచి ఉంచాం. పై కొనకు వాటర్ బాటిల్ మూతి వైపు కోసి టోపీలా తొడిగాం. వైరు వెనక తలుపు సందులోంచి, కింది వైపు నుంచి లోపలికి పంపాం. ఆ తలుపు దగ్గర వైరుని కాస్త కిందికి జార్చి మళ్ళీ పైకి తీశాం, నీటి బొట్టు ఆ వంపులో రాలిపోతుంది, హోల్డరు దాకా పోదు. ప్లగ్గు, స్విచ్చి రెండూ గదిలోపలే. బల్బు 7 వాట్ల ఎల్‌ఈడీ. మా చిన్నప్పుడు 60 వాట్ల బల్బు తగిలి కాగితం గోధుమరంగు తిరిగేది.

డిసెంబరు 14

రాగి గడ్డి పసుపు రంగుకి తిరిగింది, వాలిపోయింది, మిగిలింది పావురాలు తిన్నాయి. మరీ తొందరపడ్డాం. ఈ రోజు రెండో ట్రే వేశాం, పాత దోమతెర ముక్క కప్పి. పండక్కి పది రోజుల ముందు చాలు.

డిసెంబరు 19

హాఫ్ యియర్లీ పరీక్షల టెన్షన్. రెండు సార్లు వాన పడింది. స్టార్ లోపల పొడిగానే ఉంది. వేరే సంగతులేం లేవు.

డిసెంబరు 22, ఆదివారం

అట్టపెట్టెతో పాక. పైన ఎండుగడ్డి, ముందు రాగి పచ్చిక నాలుగు వేళ్ళ ఎత్తు. ఫ్రాన్సిస్ అనే సన్యాసి 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో గడ్డి తొట్టి పెట్టి, నిజం ఎద్దును, గాడిదను తెచ్చి నిలబెట్టాడని చెబితే, చిన్నోడు షోకేసులోంచి కొండపల్లి ఎడ్లబండి తీసుకొచ్చాడు. ఎడ్లు యోసేపు కన్నా రెండింతలున్నాయి, ఒకదానికి కొమ్ము లేదు. తీసెయ్యమనడానికి నాకు నోరు రాలేదు.

సాయంత్రం అరిసెలు. ఆంటీ ఇంటికి ఒక డబ్బా పంపాం, గులాబీ పువ్వులు డబ్బా నిండా తిరిగొచ్చాయి.

డిసెంబరు 24

నిన్న రాత్రి పన్నెండూ నలభైకి చర్చి కుర్రాళ్ళు క్యారల్స్‌కి వచ్చారు. డప్పు చప్పుడుకి చిన్నోడు లేచి, దుప్పటితోనే బాల్కనీలోకి పరిగెత్తాడు. పాట వినడానికి కాదు, స్టార్ స్విచ్చి తను వెయ్యాలని.

ఈ సాయంత్రం నాన్నకు ఫోన్లో చూపించాం. కెమెరా అటూ ఇటూ తిప్పించుకుని చాలాసేపు చూశాడు.

"కట్టు కట్టిన బద్ద ఏదే అమ్మలూ?" అని అడిగాడు. బుజ్జి వేలు పెట్టి చూపించింది.

"ఊఁ. బల్బు కిందికి జారింది, పై కొనలో వెలుగు లేదు. జానెడు పైకి కట్టండి."

"ఇప్పుడా తాతయ్యా?"

"మరి ఇంకెప్పుడు?"

స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, స్టూలు తెచ్చుకున్నాం.