కట్ చెప్పగానే అందరూ నా వైపే చూసేవాళ్లు

మన నల్లగొండ బడి దోస్తులు ఎక్కడ కలిసినా ఒకటే అడుగుతారు: "ఛాయాగ్రహణం అని నీ పేరు పడదేందిరా?" ఆ పేరు సినిమాటోగ్రాఫర్‌ది. లైటింగ్, లెన్సు ఆయన నిర్ణయం. నేను ఆపరేటివ్ కెమెరామన్‌ని. వ్యూఫైండర్‌కు కన్ను ఆనించి, కెమెరాను పక్కలకు (ప్యాన్), పైకీ కిందికీ (టిల్ట్) తిప్పుతూ ఆర్టిస్టును ఫ్రేము దాటిపోకుండా చూసుకోవడం నా పని.

ఇంటర్ అయ్యాక హైదరాబాద్ పోతానంటే మా బాపు "సినిమాల్ల నీకు తెలిసినోళ్లు ఎవరున్నర్రా?" అన్నాడు. ఎవరూ లేరు. కెమెరాలు అద్దెకిచ్చే యూనిట్‌లో అటెండర్‌గా చేరాను. పెట్టెలు మోశాను, లెన్సులు తుడిచాను. తర్వాత లోడింగ్ నేర్పారు. వెలుతురు చొరని నల్ల సంచిలో చేతులు పెట్టి, వేళ్లతో తడుముకుంటూ నెగెటివ్‌ను కెమెరాకు తగిలించే ఫిల్ము డబ్బా, అంటే మ్యాగజైన్‌లోకి ఎక్కించాలి. 400 అడుగుల రోలు నాలుగున్నర నిమిషాలు కూడా రాదు. ఆ పైన ఫోకస్, ఆ తర్వాతే ఆపరేటింగ్.

అప్పట్లో మా సెట్లలో మానిటర్లు లేవు. షాట్ ఎలా వచ్చిందో నాకొక్కడికే తెలిసేది. కట్ అనగానే డైరెక్టరు, హీరో, ఫైట్ మాస్టర్ నా వైపు తిరిగేవాళ్లు. ల్యాబ్ నుంచి రష్ (తీసిన షాట్ల తొలి ప్రింటు) వచ్చేదాకా నా మాటే సాక్ష్యం. రిఫ్లెక్టర్ అంచు ఫ్రేములోకి వచ్చినా, ఫోకస్ కాస్త జారినా "వన్ మోర్ సార్" అనాలి. మండుటెండలో చెమటలు కక్కుతూ చేసిన పెద్ద నటుడితో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. మొహమాటానికి ఓకే చెప్పే ఆపరేటర్‌ను ఫీల్డులో రెండోసారి పిలవరు.

తుపాకీ షాట్లంటే మరీ టెన్షన్. మా రిఫ్లెక్స్ కెమెరాలో షట్టర్ మీద అద్దం ఉంటుంది. అది తిరుగుతుంటే వెలుతురు ఒకసారి ఫిల్ముకు, మరోసారి నా కంటికి అందుతుంది, సెకనుకు 24 సార్లు. పేలినప్పటి మెరుపు నాకు పూర్తిగా కనిపించిందంటే ఫిల్ము మీద పడలేదన్నమాట! అప్పుడు మళ్లీ తీయమనేవాణ్ని. ఇన్నేళ్లయినా ఆ సంగతి నాకు అబ్బురమే.

వెలుతురు మీద ఈ పిచ్చి పెట్టింది మన సైన్స్ సారే. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి మమ్మల్ని సైకిళ్ల మీద తీసుకెళ్లి, గర్భగుడిలో పొద్దంతా కదలని నీడను చూపించారు. "సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదో చెప్పండ్రా" అన్నారు. జవాబు తను చెప్పలేదు. లోపలికి వెలుతురు ఎటునుంచి వస్తోందో మమ్మల్నే వెతకమన్నారు. నేరుగా పడే ఎండ కాదు, చెదిరి వచ్చే వెలుతురు. తర్వాత సెట్లో థర్మాకోల్ షీటు మీద లైటు కొట్టి ముఖం మీదికి మళ్లిస్తుంటే నాకు కొత్తగా అనిపించలేదు.

2010 దాటాక కొన్నేళ్లకే డిజిటల్ వచ్చేసింది. ఇప్పుడు మానిటర్ ముందు పదిమంది కూర్చుంటారు, తప్పు ఎవరైనా పడతారు. మంచిదే. ఫిల్ము లోడింగ్ తెలిసిన చేతులు మాత్రం తగ్గిపోతున్నాయి. ఈసారి మన బడి పూర్వ విద్యార్థుల సమావేశానికి ఓ పాత మ్యాగజైన్, ఆ నల్ల సంచి, పనికిరాని ఫిల్ము ముక్క తెస్తున్నాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలతో లోడ్ చేయిద్దాం. సైన్స్ ల్యాబ్‌లో ఓ బల్ల ఖాళీ చేయించి ఉంచండి.