నా మలేరియాకి మందు చైనా ఆకులోంచి వచ్చింది

పాడేరు వైపు మన్యంలో టీచర్‌గా చేస్తున్నప్పుడు నాకు మలేరియా వచ్చింది. ఫాల్సిపారం రకం, అంటే ప్రాణం మీదికి తెచ్చేది. ఒకటే చలి, ఎన్ని దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకునేవి. కాసేపటికి ఒళ్లు కాలిపోయేది, ఆనక చెమటతో పక్కంతా తడిసిపోయేది. కళ్లు పచ్చబడి, మాట తడబడేసరికి మావాళ్లు టెన్షన్ పడి హాస్పిటల్లో చేర్చారు.

అక్కడ ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు ఇచ్చారు. మర్నాటికి మనుషుల్ని గుర్తుపట్టాను, గంజి తాగాను. ఆ తర్వాత మాత్రల కోర్సు. జ్వరం త్వరగానే పోయింది కానీ నీరసం మాత్రం ఓ పట్టాన వదల్లేదు. బోర్డు మీద నాలుగు లైన్లు రాస్తే చెయ్యి వణికేది.

ఇంట్లో పడుకున్నప్పుడు ఈ మందు గురించి చదివాను. దీని మూలం చైనావాళ్లు చింగ్‌హావ్ అనే మొక్క. మనం వినాయక చవితి పత్రిలో పెట్టే మాచిపత్రికి దగ్గరి చుట్టం. వియత్నాం యుద్ధంలో సైనికులు మలేరియాతో కుప్పకూలుతుంటే, 1967లో చైనా ప్రభుత్వం రహస్యంగా మందు వేట మొదలుపెట్టింది. తు యూయూ అనే శాస్త్రవేత్త బృందం పాత వైద్య గ్రంథాలు గాలించింది. చింగ్‌హావ్ సారం ఒకసారి పనిచేసేది, ఒకసారి చేసేది కాదు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హొంగ్ మాత్రం గుప్పెడు ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి ఆ రసం తాగమన్నాడు. కాచమనలేదు! వేడికి మందు చెడిపోతోందేమోనని ఆవిడకి తట్టింది. తక్కువ వేడిలో మరిగే ఈథర్ అనే ద్రవంతో సారం తీస్తే, 1971లో ఎలుకల్లో మలేరియా పూర్తిగా పోయింది. రోగులకిచ్చే ముందు ఆవిడే తాగి చూశారు. ఆ ధైర్యానికి నేను చేతులెత్తి దండం పెడతాను. 2015లో నోబెల్ వచ్చింది.

నన్ను ఎక్కువగా కదిలించింది ఇంకో లెక్క. ముదిరిన మలేరియాతో చేరిన 1,461 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2005లో వచ్చాయి. మన దేశపు రోగులూ అందులో ఉన్నారు. పాత మలేరియా మందు క్వినైన్ ఇచ్చినవాళ్లలో నూటికి 22 మంది చనిపోతే, ఆర్టిసునేట్ ఇచ్చినవాళ్లలో 15 మంది. ఆ తేడాలో నాలాంటివాళ్లు ఎందరున్నారో!

ఇదంతా విన్న మా పెద్దమ్మ, "అయితే ఆ మొక్కేదో పెరట్లో వేసుకుని కషాయం కాచుకుంటే పోలా?" అంది.

"వద్దు పెద్దమ్మా. ఏ ఆకులో ఎంత మందుందో తెలీదు. చాలకపోతే క్రిములు చావవు, పైగా మందుకి లొంగకుండా మొండికేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ కషాయం వద్దంటోంది. జ్వరమొస్తే ముందు రక్తపరీక్ష, తర్వాత మాత్రలు. జ్వరం తగ్గినా కోర్సు మొత్తం వేసుకోవాలి" అన్నాను.